తైలము, తాపము: గేరులు తామే మారు బండ్ల చరిత్ర



ఎద్దుబండి తోలినవారికి కందెన మహిమను వేరుగ చెప్పనక్కరలేదు. ఆముదములో వరిగడ్డి మసి కలిపి ఇరుసునకు పూసి, మరికొంత వెదురుగొట్టములో నింపి బండికి వ్రేలాడగట్టుకొని మన పెద్దలు దూరప్రయాణములు చేసిరి. కందెన ఎండిన బండి మొదట కీచుమనును. పిదప మాడువాసన కొట్టును. ఆమీదట ఇరుసు చెడును. నేడు నేను ప్రసంగింపదలచిన విషయము ఇంతకంటె మిక్కిలి భిన్నమైనది కాదు.

అమెరికా దేశమున పికప్ ట్రక్కు అను బండి కలదు. ముందు మనుష్యులు కూర్చుండు గది, వెనుక సరకు వేసికొను తెరచిన తొట్టి. అక్కడి రైతులును, వడ్రంగులును, తాపీపనివారును దానిని వాడుదురు. దాని వెనుక ట్రైలరును తగిలించి గుఱ్ఱములను, పడవలను, ఇంటిసామానును లాగింతురు. మన లారీలోవలె, ట్రాక్టరులోవలె క్లచ్చి త్రొక్కి గేరు మార్చు పని వీనిలో చాలవాటియందు లేదు. గేరులు తామే మారును. ఆ గేరుబాక్సులోని నూనె వేడిని అదుపున నుంచుటకు ఎనుబది యేండ్లకు మించి జరిగిన ప్రయత్నమే నేటి ప్రసంగవిషయము.

బడిపంతులకు ఈ గొడవ యేల యని మీరడుగవచ్చును. నా తప్పిదము ఒకటి దీనికి మూలము. కొన్ని యేండ్ల క్రిందట నా రెండవ కుమారుని యింట ఉండుటకై అరిజోనా రాష్ట్రమునందలి ఫీనిక్సు నగరమునకు పోయితిని. అతనికి ఫ్లాగ్‌స్టాఫ్ అను ఊరికి ఉద్యోగము మారెను. అచటి క్రొత్తయింట ప్రవేశమునకు ముహూర్తము పెట్టినవాడను నేనే. ఫీనిక్సు సముద్రమట్టమునకు ఇంచుమించు 1,100 అడుగుల ఎత్తున నున్నది. ఫ్లాగ్‌స్టాఫ్ 6,900 అడుగుల ఎత్తున నున్నది. జ్యేష్ఠమాసపు ఎండలో సామానంతయు ట్రైలరులో వేసి, చేతులు మారిన యొక పాత పికప్ ట్రక్కునకు తగిలించి మధ్యాహ్నము బయలుదేరితిమి. కనుమ యెక్కుచుండగా అబ్బాయి ముందుపలకమీది ముల్లును చూపి, "నాన్నగారూ, గేరునూనె వేడెక్కుచున్నది, కొంచెము సేపు ఆపుదునా?" అని యడిగెను. "తెల్లవారుజామున ముహూర్తము, ఆపితే మించిపోవును, పోనిమ్ము" అంటిని. నా మాట కాదనలేక పోనిచ్చెను.

మరి కొంతదూరము పోవునప్పటికి మాడిన వాసన వచ్చెను. ఇంజను గర్జించుచున్నది గాని బండి కదలదు. ఆ రాత్రి దారి ప్రక్కనే గడచెను, ముహూర్తము గతించెను. మరునాడు మరమ్మతుశాలలో ఒక వృద్ధుడు ఆ నూనెను తెల్లకాగితముపై ఒక బొట్టు వేసి నాకు చూపెను. ఎఱ్ఱగా నుండవలసిన నూనె, పాకము మాడినట్లు నల్లబడి యుండెను. "ఇది నిన్న చచ్చినది కాదు, ప్రతి కొండమీదను కొంచెము కొంచెముగా చచ్చినది" అని యతడనెను. ఆ మాట నా చెవినుండి పోలేదు. తిరిగి వచ్చిన పిదప ఈ యంత్రము పుట్టుపూర్వోత్తరములను తెలిసికొనుటకు పూనుకొంటిని.

దీని మూలము ఓడలలో నున్నది. జర్మనీ దేశపు హెర్మన్ ఫోటింగర్ అను ఇంజనీరు స్టెట్టిన్ నగరమందలి వల్కన్ ఓడల కర్మాగారములో పనిచేయుచు, 1905లో ఒక ఉపాయమునకు పేటెంటు పొందెను. ఆవిరిటర్బైను అతివేగముగ తిరుగును; ఓడ ఱెక్క మెల్లగ తిరుగవలెను. ఈ రెంటిని పండ్లచక్రములతో గాక, నడుమ ద్రవమునుంచి అతడు కలిపెను. రెండు విసనకఱ్ఱ యంత్రములను ఎదురెదురుగ నుంచి ఒకదానిని తిప్పినచో, దాని గాలికి రెండవది తిరుగును గదా! అట్లే ఱెక్కలుగల రెండు చిప్పలు ఒకే పెట్టెలో ఎదురెదురుగ నుండును. ఒకటి తిరిగి ద్రవమును విసరును; ఆ తాకిడికి రెండవది తిరుగును.

కాని రెండవది మొదటిదానితో సరిసమానముగ తిరుగదు, కొంత వెనుకబడును. బరువెక్కిన కొలదిని ఈ వెనుకబాటు హెచ్చును. వెనుకబడిన శక్తి ఎక్కడకు పోయినది? నశింపలేదు, వేడియై ఆ ద్రవములోనే చేరినది. ఈ సంగతి తెలిసినచో తక్కిన చరిత్రయంతయు తెలిసినట్లే.

1939లో జనరల్ మోటార్స్ సంస్థ, ఎర్ల్ థాంప్సన్ నాయకత్వమున తయారైన 'హైడ్రామాటిక్' అను గేరుబాక్సును ప్రకటించి, 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్లలో అమర్చెను. క్లచ్చి త్రొక్కుట పోయెను. రెండవ ప్రపంచయుద్ధమున ఎమ్-5 అను తేలికపాటి టాంకులకు సైతము దీనిని పెట్టిరి. యుద్ధానంతరము 1953లో ఫోర్డు కంపెనీ, 1954లో షెవ్రొలే కంపెనీ తమ పికప్ ట్రక్కులలో తామే మారు గేరులను కోరినవారికి అమర్చి యిచ్చిరి. చేతికిని కాలికిని తప్పిన శ్రమ అంతటితో నూనెమీద పడెను. కారు మోయునది నలుగురు మనుష్యులను. ట్రక్కు లాగునది టన్నుల బరువును. కావున వేడి సమస్య ట్రక్కునందే తీవ్రమయ్యెను.

ఆ నూనె చేయు పనులు అనేకములు. బలమును చేరవేయవలెను, చక్రములకు కందెన కావలెను, లోపలి క్లచ్చి బిళ్ళలను ఒత్తిడితో పట్టవలెను, ఆ వేడిని తానే మోసికొనిపోవలెను. ఇట్టి తైలమునకు జనరల్ మోటార్స్‌వారు 1949లో 'టైప్ ఏ' అను ప్రమాణమును, 1967లో 'డెక్స్రాన్' అను ప్రమాణమును ఏర్పరచిరి. బిళ్ళలు కుదుపులేక పట్టుకొనుటకై ఆనాటి తైలములో స్పెర్మ్ తిమింగిలపు నూనెను కొంత కలుపుచుండిరి. వేడిలో దాని జారుడుగుణము చెడక నిలుచును. కొండయెక్కు బండి సుఖమునకై సముద్రములోని మహాజంతువు ప్రాణమిచ్చెనని తెలిసినప్పుడు నా మనస్సు కలగెను. 1970లో అమెరికా ప్రభుత్వము ఆ తిమింగిలమును అంతరించుచున్న జాతుల పట్టికలో చేర్చెను. ఆ నూనె ఆగిపోయెను. రసాయనజ్ఞులు వేరు ద్రవ్యములను కూర్చవలసివచ్చెను. వారు మొదట చేసిన క్రొత్త తైలము కొన్ని బండ్లలో నూనెను చల్లార్చు గొట్టముల అతుకులనే తినివేయగా, దానిని మరల సవరించిరి.

నూనెకు ఎంత వేడి తగును? మరమ్మతుశాలలలో ఒక స్థూలమైన లెక్క చెప్పుదురు. 80 మొదలు 95 సెంటీగ్రేడు డిగ్రీలవరకు క్షేమము. అంతకుమించి ప్రతి 11 డిగ్రీలకును నూనె ఆయుస్సు సగమగును. 115 డిగ్రీలు దాటినచో జిగురుపూత పుట్టి సన్నని దారులను మూయును. 127 దగ్గర రబ్బరు బిగింపులు గట్టిపడును. 145 దాటినచో బిళ్ళలు జారి మాడును. నేటి కృత్రిమతైలములు ఇంతకంటె ఎక్కువ ఓర్చును గాని, వాటికిని హద్దు కలదు. వంటయింట ఒకే నూనెలో పదేపదే గారెలు వేయించినచో ఏమగునో మన ఇల్లాండ్రకు తెలియును.

చల్లార్చు ఉపాయములలో ముఖ్యమైనది, నూనెను గొట్టముల గుండ రేడియేటరు తొట్టిలోనికి పంపి త్రిప్పి తెచ్చుట. రేడియేటరు నీరే కాగుచుండగా అది దేనిని చల్లార్చునని నవ్వవద్దు. నూనె అంతకంటె వేడిగా నున్నప్పుడు ఆ నీరే చల్లన. పైగా మంచుకాలపు ఉదయమున గడ్డకట్టినట్లున్న నూనెను ఆ నీరే వెచ్చజేయును. బరువులు లాగువారికి ఇది చాలదు గనుక, ఎదురుగాలి తగులునట్లు ముందుభాగమున మరియొక కూలరును చేర్చిరి. రెండవ ఉపాయము వేడిని పుట్టనీయకుండుట. 1949లో ప్యాకార్డు కంపెనీవారు తమ 'అల్ట్రామాటిక్' గేరుబాక్సులో, బండి వేగము కుదిరిన పిమ్మట రెండు చిప్పలను ఒక క్లచ్చితో బిగించి ఒకటిగ త్రిప్పు ఏర్పాటు చేసిరి. వెనుకబాటు లేదు, వేడియును లేదు. 1973లో పెట్రోలు కఱవు వచ్చిన పిదపగాని లోకమునకు దాని విలువ పూర్తిగా తెలియలేదు. 1978లో క్రైస్లరు కంపెనీ దానిని చేపట్టెను, క్రమముగా తక్కినవారును చేపట్టిరి.

ఇంత జరిగినను ఒక కొఱత మిగిలెను. నా బండి ఇంత బరువు లాగునని ప్రతి కంపెనీయు తనకు తోచిన రీతిని లెక్కగట్టి చెప్పుచుండెను. ఎవరి కుంచముతో వారు కొలిచినచో ధాన్యమెంతయో ఎవరికి తెలియును? 2008లో ఎస్.ఏ.ఈ. అను ఇంజనీర్ల సంఘము జె2807 అను ఉమ్మడి కొలతను ప్రకటించెను. అందులోని ఒక పరీక్ష అరిజోనాలోనే, కొలరాడో నదిమీది డేవిస్ ఆనకట్ట చెంతనుండి కొండమీదికి పోవు 11.4 మైళ్ళ ఎగుడుదారిలో జరుగును. గాలి వేడి 38 డిగ్రీలకు తగ్గరాదు. లోపలి చల్లనిగాలి యంత్రము పూర్తిగ ఆడుచుండవలెను. చెప్పిన బరువును లాగుచు సాధారణపు పికప్ ట్రక్కు గంటకు 40 మైళ్ళకు తగ్గక యెక్కవలెను. ఏ భాగమును చెడరాదు. టయోటా కంపెనీ తన 2011 నమూనా టండ్రా ట్రక్కునకు ముందుగ ఈ కొలతను అంగీకరించెను. కొన్ని యేండ్లకు తక్కిన పెద్ద కంపెనీలును అంగీకరించెను.

యంత్రజ్ఞులు ఇంత చేసినను తోలువాని పని తోలువానికి ఉండనే యున్నది. కనుమ మొదలగునప్పుడే తక్కువ గేరునకు దిగవలెను. బరువును ఒప్పుకొన్న మేరకే వేయవలెను. నూనె రంగును వాసనను చూచి, గడువునకు మార్చవలెను. ముల్లు పైకి ప్రాకినచో ప్రక్కకు తీసి నిలిపి, గేరు తప్పించి, ఇంజనును ఆర్పక కొంచెము వేగముగ తిరుగనీయవలెను. అప్పుడు నూనె కూలరు గుండ ప్రవహించి చల్లబడును. ఆనాడు మేము పావుగంట నిలిచియున్నచో బహుశః ముహూర్తమునకు ముందే ఇల్లు చేరియుందుము. ఎగుడులో ఎద్దు నురుగు క్రక్కుచుండగా చెర్నాకోల ఎత్తకూడదని చిన్నప్పుడు మా తాతగారు నాకు చెప్పిరి. అది ఇనుపబండికిని చెల్లునని వృద్ధాప్యమున తెలిసినది.

సంస్కృతమున స్నేహమను మాటకు నూనె యనియు, చెలిమి యనియు రెండర్థములు కలవు. బడిలో ఈ సంగతిని ఎన్నో యేండ్లు చెప్పితిని; దారి ప్రక్కన గడచిన ఆ రాత్రి గాని దాని స్వారస్యము నాకు పట్టలేదు. మన శ్రమను మాటాడక మోయువారు మన యిండ్లలోను కలరు. వారి తాపమును తెలుపు ముల్లు ముందుపలకమీద నుండదు. ఆనాడు నా కుమారుడు చూపిన ముల్లునే నేను లెక్కచేయనైతిని. అతడు ఇప్పటికిని ఆ సంగతి నాయెదుట ఎత్తడు.