తాటాకు నుంచి తెర పుస్తకం దాకా

తంజావూరు సరస్వతీ మహలులో తెలుగు తాళపత్రాలు ఉన్నాయన్న సంగతి మనలో చాలామందికి తెలుసు. రఘునాథ నాయకుడు, విజయరాఘవ నాయకుడు ఏలిన 17వ శతాబ్దంలో ఆ తమిళదేశపు ఆస్థానంలో పుట్టిన తెలుగు కావ్యాలు, యక్షగానాలు ఈనాటికీ మనకు దొరుకుతున్నాయంటే, తాటాకు శాశ్వతమని కాదు. చెదలు తినకుండా, తడి తగలకుండా ఎంత కాపాడినా తాటాకు కొన్ని తరాలకు శిథిలమవుతుంది. అది విరిగిపోకముందే మరొకరు గంటం పట్టి కొత్త ఆకుల మీదికి ఎత్తి రాశారు. ఎత్తి రాసినవి బతికాయి, రాయనివి పోయాయి. మన సాహిత్య చరిత్ర అంతా ఒక విధంగా ప్రతులు తీసినవారి చరిత్రే.

1820లో కడప చేరిన సి. పి. బ్రౌను ఈ మర్మాన్ని గ్రహించాడు. పండితులను, లేఖకులను జీతాలిచ్చి కుదుర్చుకున్నాడు. ఒకే కావ్యానికి పలుచోట్ల దొరికిన ప్రతులను పోల్చి చూపించి, శుద్ధప్రతులు రాయించాడు. ఆ సేకరణ మద్రాసుకు చేరింది కనుకనే తరువాతి పరిష్కర్తలకు పని సులువైంది. 1854లో మద్రాసులో వావిళ్ల రామస్వామి శాస్త్రులు నెలకొల్పిన ముద్రణాలయం వంటివి ఆ ప్రతిని వందలుగా, వేలుగా పెంచాయి. అచ్చు చేసిన మేలు అదే. ఒక ఇంట్లో పుస్తకం కాలిపోయినా మరో ఊళ్లో ఒకటి మిగిలి ఉంటుంది.

ఇప్పుడు మూడో మజిలీలో ఉన్నాం. 1971 జూలై 4న అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో మైకేల్ హార్ట్ అనే విద్యార్థి ఆ దేశపు స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటరులోకి స్వయంగా టైపు చేశాడు. గూటెన్‌బర్గ్ ప్రాజెక్టుకు అది నాంది. ఒకసారి ఎక్కించిన పాఠాన్ని ఎన్నిసార్లయినా, దాదాపు ఖర్చు లేకుండా, ఎవరైనా ప్రతి తీసుకోవచ్చునన్నది ఆయన ఆలోచన. గంటం పట్టిన లేఖకుడి పనే అది. వేగం మాత్రం వేరు.

అయితే కంప్యూటరు తెర ముందు కూర్చుని నవల చదవడం కంటికి శ్రమ. దానికి విరుగుడుగా 1997లో అమెరికాలో ఈ-ఇంక్ సంస్థ పుట్టింది. వెంట్రుక మందం ఉండే గుళికలలో తెల్లని, నల్లని రేణువులుంటాయి. రెండింటికీ విరుద్ధమైన విద్యుదావేశాలు. కరెంటు దిశ మారితే ఒక రంగు పైకి తేలుతుంది, మరొకటి కిందికి దిగుతుంది. పేజీ తిప్పినప్పుడు తప్ప అక్షరాలను నిలిపి ఉంచడానికి కరెంటు అక్కర లేదు. కాగితంలాగే బయటి వెలుతురులో చదువుకోవచ్చు.

2004లో సోనీ జపానులో ఈ తెరతో లిబ్రియే అనే సాధనాన్ని విడుదల చేసింది. అందులోని పుస్తకాలు 60 రోజులకు చదవడానికి వీలులేకుండా పోయేవి. 2007 నవంబరులో అమెజాన్ కిండిల్ వచ్చింది. వెల 399 డాలర్లు, తొలి సరుకు అయిదున్నర గంటల్లో అయిపోయింది. 2009 జూలైలో హక్కులు లేనివాడు అమ్మాడన్న కారణంతో ఆ సంస్థ జార్జ్ ఆర్వెల్ నవలలు కొన్నింటిని, కొన్నవారి కిండిళ్లలోంచి దూరాన ఉండే తుడిచేసింది. డబ్బు తిరిగి ఇచ్చింది, తరువాత క్షమాపణ కూడా చెప్పింది. తుడిచిన వాటిలో ‘1984’ ఒకటి కావడం కాకతాళీయమే. మైక్రోసాఫ్ట్ కూడా 2019లో తన పుస్తకాల అంగడి మూసివేసినప్పుడు, అమ్మిన పుస్తకాలన్నీ తెరుచుకోవడం మానేశాయి. బీరువాలోని పుస్తకాన్ని అమ్మినవాడు వచ్చి పట్టుకుపోవడం తాటాకుల కాలంలోనూ లేదు, అచ్చు కాలంలోనూ లేదు.

తెలుగు సంగతి చూద్దాం. 1990 దశకంలో మన పత్రికలు కంప్యూటరులో కూర్చుతున్నప్పుడు ఒక్కో సంస్థ అక్షరాలకు ఒక్కో సంకేతం వాడేది. ఒకచోట కూర్చిన పాఠం మరోచోట తెరిస్తే అర్థంలేని గీతలుగా కనిపించేది. 1991లో వచ్చిన యూనికోడ్ తెలుగుకూ స్థిరమైన స్థానాలిచ్చింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి అక్షరాల తరువాత అది సామాన్యుల చేతికి అందింది. అయినా 2016 డిసెంబరులో కిండిల్‌కు భారతీయ భాషల పుస్తకాలు వచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. 2011 జనగణన ప్రకారం మలయాళం మాతృభాషగా చెప్పుకున్నవారు 3.48 కోట్లు, తెలుగువారు 8.11 కోట్లు. సంఖ్యాబలం ఒక్కటే చాలదని దీన్నిబట్టి తెలుస్తున్నది.

మరోవైపు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి పది లక్షల పుస్తకాల పథకాన్ని నడిపించారు. మన దేశంలో అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాగా బెంగళూరు, హైదరాబాదు మొదలైన చోట్ల వేలాది తెలుగు పుస్తకాలను తెరకెక్కించింది. తరువాత 2017లో ఆ స్థావరం మూతబడింది. కాని అంతకు ముందే కార్ల్ మాలముద్ అనే అమెరికన్ నాలుగు లక్షలకు పైగా పుస్తకాలకు ప్రతులు తీసి ఇంటర్నెట్ ఆర్కైవులో పెట్టాడు. బ్రౌను చేసిన పనే మళ్లీ జరిగింది. ప్రతి తీసినవి బతికాయి.

అవి పేజీల ఫొటోలు మాత్రమే. ఆరంగుళాల తెర మీద ఫొటో ఇమడదు. అక్షరాలుగా మారిస్తేనే తెరకు తగ్గట్టు పాఠం సర్దుకుంటుంది, వెతకడానికీ వినడానికీ వీలవుతుంది. తెలుగు వికీసోర్సులో కొందరు ఔత్సాహికులు ఈ పని జీతం లేకుండా చేస్తున్నారు.

రాష్ట్రం వెలుపలి మనకు ఇందులో ప్రత్యేకమైన లాభం ఒకటుంది. హోసూరులో, బళ్లారిలో, బరంపురంలో, షోలాపురంలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో మరో లిపి నేర్చిన పిల్లలున్నారు. యూనికోడులో భారతీయ లిపులను ఒకే వరుసలో పేర్చారు. మన ‘క’ ఏ గడిలో ఉందో, కన్నడ, ఒరియా, దేవనాగరి పట్టికలలోనూ ‘క’ అదే గడిలో ఉంటుంది. కనుక తెలుగు పాఠాన్ని ఆ లిపులలో చూపించడం యంత్రానికి చిన్న పని. వర్గాక్షరాలు కొన్ని లేని తమిళం ఒక్కటే కొంచెం కష్టం. అయినా త్యాగరాజ కృతులను తమిళ లిపిలో అచ్చువేసుకుని పాడుతున్నవారు మన పొరుగునే ఉన్నారు. లిపి రానంత మాత్రాన భాష పోనక్కరలేదు. అయితే అది సాధ్యం కావాలంటే పాఠం అక్షరాలుగా ఉండాలి, దానికి తాళం ఉండకూడదు.

చదివే సాధనం రేపు ఇంకా పలుచనవుతుంది, చౌక అవుతుంది. దాని గురించి మనకు దిగులు అక్కరలేదు. మన ఊళ్లలోని పాత గ్రంథాలయాల్లో, మన తాతల పెట్టెల్లో, మరెక్కడా లేని చిన్న పుస్తకాలు, సంఘాల వార్షిక సంచికలు ఉన్నాయి. హక్కుల గడువు తీరినవి నేరుగా, తీరనివి రచయితల వారసుల అనుమతితో, అక్షరాలుగా ఎక్కించి నాలుగు చోట్ల ఉంచాలి. తంజావూరు లేఖకుడు మనకోసం చేసినది అదే. అతని పేరు చాలా ప్రతులలో లేదు. పుస్తకం మాత్రం ఉంది.