కాళ్లపై గోధుమ మచ్చలు
పిక్కల మీదా చీలమండల దగ్గరా చర్మం రంగు మారి ఏర్పడే మచ్చలు. విశాఖపట్నంలో ఓడరేవు, ఉక్కు కర్మాగారం వంటి చోట్ల గంటల తరబడి నిలబడి పనిచేసేవారు వీటిని తేలిగ్గా తీసుకోకూడదు. సిరల్లోని కవాటాలు బలహీనపడితే రక్తం కిందే నిలిచి, ఎర్రకణాలు చర్మంలోకి జారతాయి. వాటిలోని ఇనుమే తుప్పు రంగు మరకగా మిగులుతుంది. సాయంత్రానికి పాదం వాచి, వేలితో నొక్కితే గుంట పడుతుంది. ఈ మరకకు ఏ పూతా పనిచేయదు. సిరలకు డాప్లర్ స్కాన్ చేయించి, వైద్యుల సలహాతో బిగుతు మేజోళ్లు వేసుకోవాలి, కాళ్లు ఎత్తుగా పెట్టుకోవాలి. అవసరమైతే సిరలకు లేజర్ చికిత్స ఉంది. నిర్లక్ష్యం చేస్తే మానని పుండు పడుతుంది. మరక మాత్రం పూర్తిగా పోకపోవచ్చు.

దోమ కుట్టిన చోట గోకడం వల్ల, గజ్జి వల్ల మిగిలే మచ్చలు వేరు. అవి నెలల్లో వాటంతటవే పలచబడతాయి. ఎండ తగలనివ్వకపోవడం, సన్‌స్క్రీన్, అజెలాయిక్ ఆమ్లం తోడ్పడతాయి. హైడ్రోక్వినోన్ వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీములు చర్మాన్ని పలచబరుస్తాయి. అందుకే 2018లో కేంద్రం వీటిలో పలు రకాలను వైద్యుల చీటీ లేనిదే అమ్మకూడని జాబితాలో చేర్చింది. విశాఖపట్నంలో 1923 నాటి కింగ్ జార్జి ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది.