కాన్వెంటు చదువులో ఏముంది? కేథలిక్ బడుల ప్రాథమిక పాఠ్యప్రణాళిక తీరుతెన్నులు

రామతీర్థం (నెల్లిమర్ల మండలం): ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆంగ్ల మాధ్యమ ప్రైవేటు బడి ఏదైనా ప్రజల నోట ‘కాన్వెంటు’గానే స్థిరపడింది. నిజానికి ఆ మాట క్రైస్తవ మఠకన్యల నివాసానికి చెందినది. వారు నడిపిన బడుల ద్వారా జనంలోకి వచ్చి, క్రమంగా అన్ని ప్రైవేటు బడులకూ పేరైపోయింది. రామతీర్థం పరిసర గ్రామాల తల్లిదండ్రులు నెల్లిమర్ల, విజయనగరం బడుల్లో పిల్లలను చేర్పించేటప్పుడు ఫీజు ఎంత, వ్యాను ఇంటి ముందుకు వస్తుందా, ఇంగ్లిషు బాగా చెబుతారా అని వాకబు చేయడం పరిపాటి. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు అక్కడ ఏం బోధిస్తారు, ఆ పాఠాలను ఎవరు నిర్ణయిస్తారు, మతబోధ ఉంటుందా, ఉంటే అది ఎవరికి అన్న ప్రశ్నలు మాత్రం అరుదు. కేథలిక్ యాజమాన్యంలోని బడి విషయంలో ఈ ప్రశ్నలకు చట్టపరంగానూ ప్రాధాన్యం ఉంది. ఎందుకంటే మిగిలిన ప్రైవేటు బడులకు వర్తించే విద్యాహక్కు చట్టం అల్పసంఖ్యాక వర్గాల విద్యాసంస్థలకు వర్తించడం లేదు.

పేరును బట్టి కాదు, యాజమాన్యాన్ని బట్టి

బోర్డుపై ‘సెయింట్’ అన్న మాట ఉన్నంత మాత్రాన అది కేథలిక్ బడి కాదు. వ్యక్తులు సొంతంగా నడుపుకొనే బడులకు సైతం పునీతుల పేర్లు పెట్టుకోవడం మన ప్రాంతంలో పాత అలవాటే. క్రైస్తవ బడులన్నీ కేథలిక్ బడులు కావు. ఈ ప్రాంతంలో సీబీఎం పేరుతో వ్యవహరించేవి కెనడియన్ బాప్టిస్టు మిషన్‌కు సంబంధించినవి. అది ప్రొటెస్టెంటు శాఖ. ఆర్‌సీఎం అన్న అక్షరాలు రోమన్ కేథలిక్ మిషన్‌ను సూచిస్తాయి. 1983లో వెలువడిన కేథలిక్ సభ ధర్మశాస్త్రం ప్రకారం, మేత్రాసనం గానీ, గురువుల లేదా మఠకన్యల సభ గానీ నడిపేది, లేదా సభాధికారి లిఖితపూర్వకంగా గుర్తించినది మాత్రమే కేథలిక్ పాఠశాల. సభాధికారి అనుమతి లేనిదే ఏ బడీ ఆ పేరు పెట్టుకోకూడదు. కనుక బడి ఏ సభకు, ఏ మేత్రాసనానికి చెందినదని అడిగితే విషయం తేలిపోతుంది.

నూట ఎనభై ఏళ్ల చరిత్ర

ఈ తీరంలో తొలుత అడుగుపెట్టిన మిషనరీలు ప్రొటెస్టెంట్లు. లండన్ మిషన్ వారు 1805లోనే విశాఖపట్నం వచ్చారు. కేథలిక్కుల విషయానికి వస్తే, సవాయి ప్రాంతంలోని అన్సీ పట్టణానికి చెందిన పునీత ఫ్రాన్సిస్ దె సేల్స్ మిషనరీలు 1846లో విశాఖపట్నం చేరుకున్నారు. ఆ మరుసటి ఏడాదే, 1847లో, అక్కడ సెయింట్ అలోషియస్ పాఠశాల మొదలైంది. అన్సీ నుంచే పునీత జోజప్ప సభ మఠకన్యలు 1849లో యానాం వచ్చి, బాలికల చదువుకు పూనుకున్నారు.

ఆ రోజుల్లో విశాఖపట్నం జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. 1854 నాటి ఉడ్స్ విద్యా ప్రకటన మత విషయంలో తటస్థంగా ఉంటూనే, లౌకిక విద్యను సక్రమంగా బోధించే ప్రైవేటు బడులకు ప్రభుత్వ సాయం అందించే పద్ధతికి దారి వేసింది. సర్కారు సాయం పొందిన బడి సర్కారు తనిఖీకి లోబడాలి. సర్కారు ఆమోదించిన పాఠాలు చెప్పాలి. మత సంస్థ నడిపే బడిలో ప్రభుత్వ పాఠ్యప్రణాళిక అమలయ్యే ఆనవాయితీకి మూలం అక్కడే ఉంది.

1850లో ఏర్పడిన విశాఖపట్నం మతమండలం 1886లో మేత్రాసనమైంది. 1993లో దాని నుంచి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలను విడదీసి శ్రీకాకుళం మేత్రాసనాన్ని ఏర్పాటు చేశారు.

పాఠ్యప్రణాళికలో మూడు భాగాలు

కేథలిక్ ప్రాథమిక బడిలో పిల్లలకు అందే చదువును మూడు భాగాలుగా చూడవచ్చు. మొదటిది రాష్ట్రం నిర్ణయించిన పాఠ్యాంశాలు. రెండోది యాజమాన్యం తన పద్ధతిలో చేర్చుకున్న అంశాలు. మూడోది విశ్వాస బోధ. మొదటిది పిల్లలందరికీ తప్పనిసరి. రెండోది బడిని బట్టి మారుతుంది. మూడోది కేథలిక్ పిల్లలకే పరిమితం కావాలి.

రాష్ట్ర సిలబస్ అనుసరించే బడుల్లో ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఆంగ్లం, గణితం ఉంటాయి. మూడో తరగతి నుంచి పరిసరాల విజ్ఞానం తోడవుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో రూపొందిన 2011 నాటి రాష్ట్ర విద్యాప్రణాళిక పరిధి పత్రం వీటికి సహపాఠ్య విషయాలను జతచేసింది. కళలు-సంస్కృతి, పని-కంప్యూటరు విద్య, విలువల విద్య-జీవన నైపుణ్యాలు, ఆరోగ్య-వ్యాయామ విద్య అన్నవి ఆ నాలుగు. 2020 తర్వాత వచ్చిన రాష్ట్ర పాఠ్యపుస్తకాల్లో ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఆంగ్లం ఉండే ద్విభాషా పద్ధతి ప్రవేశించింది.

విలువల విద్య సర్కారు ప్రణాళికలోనే ఉన్నదన్న సంగతి గమనించదగ్గది. కాన్వెంటులో ‘మోరల్ సైన్స్’ పిరియడ్ ఉన్నదనగానే అది మతబోధ అని కొందరు అనుమానిస్తారు. నిజం చెప్పడం, పెద్దలను గౌరవించడం, తోటివారికి సాయపడటం, శుభ్రత పాటించడం వంటివి ఏ బడిలోనైనా చెప్పవలసిన పాఠాలే.

పరిసరాల విజ్ఞానం పుస్తకానికి బయట ఉన్న ఊరితో ముడిపడిన సబ్జెక్టు. రామతీర్థంలో రామాలయాలతో పాటు గురుభక్తులకొండపై బౌద్ధారామ శిథిలాలు, దుర్గకొండపై జైన అవశేషాలు ఉన్నాయి. మూడు మతాల ఆనవాళ్లు ఒక్క ఊరి కొండల వరుసలో కనిపించే చోటు ఇది. ఏ యాజమాన్యం నడిపే బడి అయినా ఇక్కడి పిల్లలకు ఈ కొండల చరిత్రను పాఠంగా చెబితే అది పాఠ్యప్రణాళిక ఉద్దేశాన్ని నెరవేర్చినట్లే.

ఉదయం సమావేశం నుంచి

యాజమాన్యం ప్రత్యేకత ఎక్కువగా కనిపించేది ఉదయం సమావేశంలో. ప్రార్థన, ప్రతిజ్ఞ, వార్తలు, సూక్తి అన్నవి సాధారణ క్రమం. ఈ ప్రతిజ్ఞకు ఉత్తరాంధ్రతో అనుబంధం ఉంది. పైడిమర్రి వెంకట సుబ్బారావు విశాఖపట్నంలో ఖజానా అధికారిగా పనిచేస్తున్నప్పుడు 1962లో దీనిని తెలుగులో రచించారు. 1963లో విశాఖలోని ఒక పాఠశాలలో తొలిసారి చదివించారు. నేడు దేశమంతటా అన్ని భాషల్లోనూ పిల్లలు దీనినే చెబుతున్నారు.

ప్రార్థన విషయంలో భారత కేథలిక్ మేత్రాణుల సమాఖ్య 2024లో తమ విద్యాసంస్థలకు మార్గదర్శకాలు జారీ చేసింది. ఇతర మతాల విద్యార్థులపై క్రైస్తవ సంప్రదాయాలను రుద్దరాదని వాటిలో స్పష్టం చేసింది. ఉదయం సమావేశంలో రాజ్యాంగ ప్రవేశికను చదివించాలని, వీలైన చోట సర్వమత ప్రార్థనాలయం ఏర్పాటు చేయాలని సూచించింది. అంతకు చాలా ముందే, 1965లో రెండో వాటికన్ మహాసభ విద్యపై వెలువరించిన ప్రకటన, బిడ్డకు మొదటి గురువులు తల్లిదండ్రులేనని పేర్కొంది. బడి వారికి సాయపడేదే తప్ప వారి స్థానాన్ని ఆక్రమించేది కాదన్నది దాని సారాంశం.

సత్యోపదేశం వేరు, నీతిబోధ వేరు

కేథలిక్ పిల్లలకు వారి విశ్వాస సత్యాలను బోధించడాన్ని సత్యోపదేశం అంటారు. బైబిలు కథలు, ప్రార్థనలు, పది ఆజ్ఞలు, దివ్యసంస్కారాలు ఇందులోని ప్రధానాంశాలు. పిల్లలు మొదటిసారి దివ్యసత్ప్రసాదం స్వీకరించడానికి సిద్ధపడేది ఎక్కువగా ప్రాథమిక తరగతుల వయసులోనే కాబట్టి, ఆ కుటుంబాలకు ఈ బోధ ముఖ్యమైనది. సాధారణంగా కేథలిక్ పిల్లలు సత్యోపదేశానికి వెళ్లే సమయంలోనే మిగిలిన పిల్లలకు నీతిబోధ తరగతి జరుగుతుంది. కొన్నిచోట్ల సత్యోపదేశాన్ని బడి వేళల్లో గాక, ఆదివారం దేవాలయంలో నిర్వహిస్తారు.

ఈ విభజన యాజమాన్యాల ఔదార్యం మీద ఆధారపడింది కాదు. రాజ్యాంగం విధించిన హద్దు. 28వ అధికరణంలోని మూడో ఖండిక ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు గానీ, సాయం గానీ పొందిన విద్యాసంస్థలో మతబోధకు లేదా ఆరాధనకు హాజరు కావాలని ఎవరినీ నిర్బంధించరాదు. విద్యార్థి మైనరైతే సంరక్షకుల అంగీకారం ఉండితీరాలి. ఒకటో తరగతి బిడ్డ తరఫున ఆ అంగీకారం ఇవ్వగలిగినవారు, నిరాకరించగలిగినవారు తల్లిదండ్రులే. ప్రవేశ దరఖాస్తును చదవకుండా సంతకం చేస్తే, దేనికి ఒప్పుకొన్నదీ వారికే తెలియకుండా పోతుంది.

ఇందుకు మరో పార్శ్వమూ ఉంది. మతపరమైన, భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాలు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకునే హక్కును 30వ అధికరణం కల్పించింది. తమ పిల్లలకు తమ విశ్వాసాన్ని బోధించుకోవడం కేథలిక్కుల హక్కు. ఆ తరగతికి తమ బిడ్డను పంపకుండా ఉండటం ఇతరుల హక్కు. రెండింటినీ రాజ్యాంగమే ఇచ్చింది.

విద్యాహక్కు చట్టం ఎందుకు వర్తించదు?

2009లో చేసి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన విద్యాహక్కు చట్టం ఎలిమెంటరీ విద్యకు కొలమానాలు నిర్దేశించింది. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధనా గంటలు ఉండాలి. ప్రవేశాలకు పిల్లలను, తల్లిదండ్రులను వడపోయరాదు. భయం, ఆందోళన లేని వాతావరణంలో చదువు సాగాలి. ప్రైవేటు బడులు 25 శాతం సీట్లను బలహీనవర్గాలకు కేటాయించాలి.

అయితే 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ప్రమతి ట్రస్టు కేసులో తీర్పునిస్తూ, సాయం పొందినవైనా పొందనివైనా అల్పసంఖ్యాక విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదని ప్రకటించింది. దీంతో ఆ బడుల్లో 25 శాతం కోటా లేకుండా పోయింది. బాలల హక్కుల పరిరక్షణ జాతీయ కమిషన్ 2021లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, దేశంలోని క్రైస్తవ మిషనరీ బడుల్లో సుమారు 74 శాతం మంది విద్యార్థులు క్రైస్తవేతరులు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టులోని ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ప్రమతి తీర్పుపై సందేహం వ్యక్తం చేసి, విస్తృత ధర్మాసనం పరిశీలన నిమిత్తం ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది.

ఈ చట్టం వర్తించదంటే ఏ నిబంధనా లేదని అర్థం కాదు. ప్రభుత్వ గుర్తింపునకు సంబంధించిన రాష్ట్ర నియమాలు వర్తిస్తాయి. బడుల్లో పిల్లలను కొట్టడాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2002లోనే నిషేధించింది.

తెలుగు స్థానం ఎక్కడ?

ప్రమతి తీర్పు వచ్చిన రోజునే కర్ణాటక కేసులో మరో తీర్పు వెలువడింది. ప్రాథమిక తరగతుల్లో మాతృభాషా మాధ్యమాన్ని రాష్ట్రం బలవంతంగా విధించరాదని, మాధ్యమాన్ని ఎంచుకునే స్వేచ్ఛ ఉందని సుప్రీంకోర్టు అందులో తేల్చింది. మరోవైపు 2020 జాతీయ విద్యావిధానం, వీలైనంత వరకు కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధన ఉండాలని సిఫారసు చేసింది.

శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి, పిల్లల చదువు జీవద్భాషలో సాగాలని పోరాడారు. బడి పుస్తకంలో ఏ తెలుగు ఉండాలన్న ప్రశ్న నాడు ఈ ప్రాంతం నుంచే బలంగా వినిపించింది. నేడు ఆంగ్ల మాధ్యమ బడిలో తెలుగుకు మిగిలేది ఒక సబ్జెక్టు స్థానం మాత్రమే. ఇంట్లో ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడే బిడ్డ గణితం, పరిసరాల విజ్ఞానం పూర్తిగా ఆంగ్లంలో అర్థం చేసుకోవలసి వస్తుంది. తరగతిలో తెలుగు మాట్లాడనిస్తారా, పాఠాన్ని తెలుగులో వివరిస్తారా అన్నది ఫీజు కంటే ముందు తెలుసుకోవలసిన సంగతి.

తెలుగు మాధ్యమంలో పేద పిల్లలకు చదువు చెప్పిన ఎయిడెడ్ ఆర్‌సీఎం ప్రాథమిక బడుల పరిస్థితి వేరు. ఎయిడెడ్ పోస్టుల భర్తీ ఏళ్ల తరబడి నిలిచిపోయి ఇలాంటి బడులు చిక్కిపోయాయి. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలను, వాటి సిబ్బందిని స్వాధీనపరచుకునే విధానం తేవడంతో నిరసనలు రేగాయి. అదే ఏడాది నవంబరులో ప్రభుత్వం వివరణ ఇస్తూ, సంస్థలు యథాతథంగా ఎయిడెడ్‌గా కొనసాగవచ్చని, ఇచ్చిన సమ్మతిని వెనక్కు తీసుకోవచ్చని తెలిపింది. ఫీజు కట్టలేని కుటుంబానికి మిషన్ బడి చదువు అందాలంటే నిలవవలసినవి ఈ ఎయిడెడ్ బడులే.

చేర్పించే ముందు అడగవలసినవి

* బడిని నడిపేది ఏ మేత్రాసనం లేదా ఏ సభ? ప్రభుత్వ గుర్తింపు ఏ తరగతి వరకు ఉంది?
* అనుసరించేది రాష్ట్ర సిలబసా, కేంద్ర సిలబసా? రాష్ట్ర పాఠ్యపుస్తకాలతో పాటు ప్రైవేటు ప్రచురణల పుస్తకాలు కొనాలా?
* వారపు కాలపట్టికలో తెలుగుకు, ఆటలకు, కళలకు ఎన్ని పిరియడ్లు కేటాయించారు?
* నీతిబోధకు వాడే పుస్తకం ఏది? దానిని ఒకసారి చూడనిస్తారా?
* సత్యోపదేశం బడి వేళల్లో ఉంటుందా? ఉంటే ఇతర పిల్లలు ఆ సమయంలో ఏం చేస్తారు?
* దరఖాస్తులో మతబోధకు, ఆరాధనకు సంబంధించిన అంగీకార వాక్యం ఉందా?

వీటిలో ఏదీ యాజమాన్యాన్ని నొప్పించే ప్రశ్న కాదు. మేత్రాణుల సమాఖ్య మార్గదర్శకాల ప్రకారం నడిచే బడి వీటికి ఇబ్బంది లేకుండానే సమాధానం చెప్పగలదు. దరఖాస్తుపై సంతకం చేయక ముందే కాలపట్టికను, నీతిబోధ పుస్తకాన్ని అడిగి చూడటం తల్లిదండ్రులకు మేలు.