మేడమెట్ల క్రింది మహాధ్వని

ఇంగ్లండు దక్షిణమున హాంప్‌షైర్ మండలములో హెడ్లీ అను పల్లె యొకటి కలదు. 1795లో ఆ ప్రాంతపు నిరుపేదలకును, వృద్ధులకును, అనాథలకును తలదాచుకొన చోటు కల్పించుటకై అచ్చట మూడంతస్తుల రాతికట్టడము నిర్మించిరి. 1830లో కడుపుమండిన వ్యవసాయ కూలీలు దానిపై బడి విధ్వంసము గావించిరి. పిమ్మట ఆ శతాబ్దపు ఉత్తరార్ధమున నది చేతులు మారి, హెడ్లీ గ్రేంజ్ అను పేరుతో నివాసభవనమయ్యెను. ఇంతటి పూర్వకథ గల ఆ యింటికి లోకఖ్యాతి కలిగించినవి మాత్రము పేదల కన్నీరును గాదు, కూలీల ఆగ్రహమును గాదు. లోపల మూడంతస్తుల పొడవున చుట్టుకొనుచు పైకెక్కు మేడమెట్లును, వాని పాదమున వట్టిదిగా బడియున్న హాలును.

1970-71 చలికాలమున లెడ్ జెప్పెలిన్ అను ఆంగ్ల రాక్ బృందము తమ నాలుగవ ఆల్బమ్ ధ్వనిముద్రణకై, రోలింగ్ స్టోన్స్ వారి సంచార స్టూడియో లారీని అద్దెకు దెచ్చుకొని ఈ యింట దిగినది. లారీ ముంగిట నిలిచెను. దాని తీగలు గదులలోనికి ప్రాకెను. డ్రమ్ములు వాయించు జాన్ బోనమ్‌కు వచ్చిన క్రొత్త సెట్టును హాలులో దింపగా, ఆయన అక్కడనే కూర్చుండి మ్రోగింప నారంభించెననియు, ఆ మ్రోత విని తామందరును నివ్వెరపోతిమనియు గిటారు విద్వాంసుడైన జిమ్మీ పేజ్ చెప్పును. బోనమ్‌ను హాలులోనికి తరలించిన యాలోచన తనదేయని ఇంజనీరు ఆండీ జాన్స్ చెప్పెను. ఎవరి మాట నిజమైనను వినువారికి వచ్చిన నష్టము లేదు.

ఆ దినములలో ఒక్కొక్క డ్రమ్ము మూతకు రెండు మూడంగుళముల దూరమున ఒక్కొక్క మైకు నిలుపుట వాడుకలోనికి వచ్చుచుండెను. ఈ పద్ధతిలో దెబ్బ స్పష్టముగా బడును గాని, ఆ దూరమున చెవి యొగ్గి డ్రమ్ము విన్న మానవుడు సాధారణముగా నుండడు, ఒకమారు ఒగ్గినవాడు రెండవమారు ఒగ్గడు. కనుక ఆ మైకు వినిపించునది వాద్యములో నొక తునకయే గాని, దారుమయమైన ఆ గుల్లదేహము గాలిని కదల్చి, నేలను దాకి, గోడల నుండి మరలివచ్చి శ్రోతను జేరు సమగ్రధ్వని గాదు. ఆండీ జాన్స్ దగ్గరి మైకులను తీసివేసి, బేయర్ సంస్థ వారి ఎం160 రిబ్బన్ మైకులు రెంటిని పై అంతస్తు మెట్ల నుండి క్రిందికి వ్రేలాడదీసెను. 26 అంగుళముల వ్యాసము గల ఆ బాస్ డ్రమ్ము చెంత ఏ మైకును లేదు. 1971 నవంబరులో వెలువడిన ఆ ఆల్బమ్ చివరి పాట ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ యొక్క తొలి దెబ్బలలో మనము వినునది ఆ హాలునే. ఆ పాట మూలము 1927 నాటి మిసిసిపీ మహావరదను గూర్చి 1929లో మెంఫిస్ మినీ, కాన్సస్ జో మెకాయ్ అను నల్లజాతి గాయక దంపతులు ముద్రించిన బ్లూస్ గీతము. వరద పాటకు ఇంతటి గంభీరమైన మ్రోత దొరకుట చక్కని సంఘటనయే.

అయితే ఇచ్చట ఒక సంగతిని దాచిపెట్టుట న్యాయము గాదు. ‘సహజధ్వని’ యనగానే యంత్రస్పర్శ లేని స్వచ్ఛధ్వనియని భ్రమించువారు, ఆ రెండు మైకుల నుండి వచ్చిన నాదము లారీలోనికి బోయి ఏమయ్యెనో చూడవలెను. అచ్చట కంప్రెసరు దానిని నొక్కిపట్టెను. అనగా పెద్దదెబ్బ తగ్గి, దాని వెనుకనే వచ్చు హాలు ప్రతిధ్వని పైకి లేచి, ప్రతి దెబ్బయు ఊపిరి తీసి విడిచినట్లు వినవచ్చెను. ఇటలీ దేశపు బిన్సన్ ఎకోరెక్ అను ప్రతిధ్వని యంత్రము దెబ్బ వెనుక దెబ్బను జేర్చెను. ఆ పైని టేపు వేగమునే తగ్గించిరి. ఇన్ని సంస్కారములు జరిగినను ఆ ధ్వనిని సహజమనుటకు మనమెవ్వరము సంకోచింపము. ఏలనన, అందలి ప్రతి దెబ్బయు ఆ క్షణమున ఆ పురుషుడు ఆ యింట కొట్టినదే. పరుల దెబ్బ యొకటియు అందు దూరలేదు. నా మట్టునకు సహజత్వమునకు నేనెరిగిన గీటురాయి ఇదియొక్కటియే.

ఈ విద్యకు ఆండీ అన్నగారైన గ్లిన్ జాన్స్ అంతకు పూర్వమే ఒక బాట వేసియుండెను. 1968లో ఇదే బృందపు ప్రథమ ఆల్బమ్‌ను లండనులోని ఒలింపిక్ స్టూడియోలో ముద్రించుచు, వేరొక పనికై కదల్చిన మైకు అనుకోకుండ డ్రమ్ముల ప్రక్కన నిలిచిపోగా, దానిని, డ్రమ్ముల పైనున్న మైకును కుడియెడమలకు పంచి విన్నప్పుడు ధ్వని విశాలమగుట ఆయన గుర్తించెను. నేటికిని ఆయన పేరనే చెలామణి యగుచున్న ఆ పద్ధతి ఇట్టిది: ఒక మైకు స్నేర్ డ్రమ్ముకు నేరుగా పైన, రెండవది నేలపై నిలుచు టామ్ డ్రమ్ము ఆవల ప్రక్కగా, ఒక త్రాటి కొనను స్నేర్ మూత నడుమ నొక్కిపట్టి, రెండవ కొనను మొదటి మైకు దాక లాగి, అదే కొలతను రెండవ మైకునకును సరిచూడవలెను. ఈ త్రాటికొలత చాదస్తము గాదు. శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. మీటరు దాటుటకు దానికి మూడు మిల్లీసెకన్లు పట్టును. ఒకే దెబ్బ రెండు మైకులకు ముందు వెనుకలుగా జేరినచో రెండు తరంగములును కలిసినప్పుడు ఒకదాని నొకటి హరించుకొని, ఉరుమువంటి స్నేరు అట్టపెట్టె మ్రోతగా దిగజారును. స్టూడియోలో గంటల తరబడి మీటలు త్రిప్పినను తిరిగిరాని బలము, పలుమారులు మైకును జానెడు జరుపగానే తిరిగివచ్చును.

ఇంత సులభసాధ్యమైన సహజధ్వనిని హెవీ మెటల్ లోకము ఏల వదులుకొని, ట్రిగ్గరును చేపట్టినది? ఇందుకు యంత్రవ్యామోహమే కారణమని తీర్పు చెప్పుట తేలిక. కాని అది సగము సత్యమే. ట్రిగ్గరనగా డ్రమ్ము అంచున బిగించెడి చిన్న సాధనము: మూతపై దెబ్బ పడగానే ఆ యదురును బసిగట్టి విద్యుత్సంకేతము పంపును, సంకేతమందుకొన్న పెట్టె, మునుపెన్నడో ముద్రించి దాచిన మరియొక దెబ్బను, అనగా శాంపిలును, పలికించును. స్టీలీ డాన్ బృందపు 1980 నాటి ‘గౌచో’ ఆల్బమ్‌కై రోజర్ నికోల్స్ అను ఇంజనీరు వెండెల్ అను యంత్రమును నిర్మించి, ముద్రించిన డ్రమ్ము దెబ్బలను కోరినచోట కోరినట్లు పలికించెను. 1991లో అలేసిస్ సంస్థ డీ4 అను పెట్టెను వెలువరించిన తరువాత ఈ సౌకర్యము సామాన్య బృందములకును అందుబాటులోనికి వచ్చెను. ఆ సంవత్సరములలోనే ఫ్లారిడాలోని టాంపా నగరమున మోరిసౌండ్ స్టూడియో కేంద్రముగా డెత్ మెటల్ అను శాఖ వర్ధిల్లుచుండెను. దాని ప్రాణము వేగము.

ఈ వేగమును ఒకమారు లెక్కగట్టి చూతము. నిమిషమునకు 200 తాళములు, తాళమునకు నాలుగేసి దెబ్బలు చొప్పున రెండు పాదములతో బాస్ డ్రమ్మును వాయించినచో నిమిషమునకు 800 దెబ్బలు. దెబ్బకును దెబ్బకును నడుమ వ్యవధి 75 మిల్లీసెకన్లు. బాస్ డ్రమ్ము నాదము తనంత తాను చల్లారుటకు అంతకంటె నెక్కువ కాలము పట్టును. హెడ్లీ గ్రేంజ్ వంటి హాలులో ఈ వాయింపు సాగించినచో పదేసి దెబ్బల ప్రతిధ్వనులు ఒకదానిపై నొకటి పడి, వినబడునది లయ గాదు, రొద. పైగా పాదము వేగిరపడిన కొలది దెబ్బలో బలము తగ్గును. శ్రుతి దించిన గిటార్లు మంద్రస్థాయి నంతటిని ఆక్రమించును. వాని నడుమ డ్రమ్ము తన యునికిని దెలుపుకొనుటకు మిగిలినది టక్కుమను కొన మాత్రమే. కావున ట్రిగ్గరు నాశ్రయించిన వాదకుని మోసగాడని నిందించుటకు నాకు మనసొప్పదు. ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ నడక నిమిషమునకు 70 తాళములకు కొంచెము పైమాట. బోనమ్‌కు మెట్లు సమాధానము చెప్పువరకు ఆగు తీరిక యుండెను.

అట్లని వేగమునకును సహజత్వమునకును పొత్తు కుదరదనుటయు తప్పే. 1986లో స్లేయర్ బృందపు ‘రెయిన్ ఇన్ బ్లడ్’ ఆల్బమ్‌ను నిర్మాత రిక్ రూబిన్, ఇంజనీరు ఆండీ వాలెస్ ముద్రించినప్పుడు, నాటి మెటల్ ఆల్బములపై పొగమంచువలె గ్రమ్మియుండిన కృత్రిమ ప్రతిధ్వనిని దాదాపు పూర్తిగా తీసివేసిరి. అరగంటయైనను నిండని ఆ ఆల్బమ్‌లో డేవ్ లొంబార్డో వాయించిన ప్రతి దెబ్బయు ఎదుటనే, పొడిగా, చర్మమునకు దగులునట్లు వినబడును. మందగమనమునకు విశాలమైన హాలు, శీఘ్రగమనమునకు పొడిగది: సహజధ్వని రహస్యములో సగమిందే యున్నది. విచిత్రమేమనగా, అదే సంవత్సరము అదే రూబిన్ నిర్మించిన బీస్టీ బాయ్స్ ప్రథమ ఆల్బమ్, హెడ్లీ గ్రేంజ్ మెట్ల క్రింద బోనమ్ వాయించిన దెబ్బలనే కత్తిరించి తెచ్చి, చక్రమువలె త్రిప్పుచు ఆరంభమగును. అత్యంత సహజమని పేరొందిన డ్రమ్ము ఈ విధముగా తానే శాంపిలయ్యెను. బోనమ్ అప్పటికి ఆరేండ్లుగా లేడు.

1990ల నుండి ఈ విద్యకు పెద్దదిక్కుగా నిలిచినవాడు షికాగో నగరపు స్టీవ్ ఆల్బినీ. నిర్మాత యనిపించుకొనుట కిష్టపడక, ముద్రించు ఇంజనీరుననియే చెప్పుకొనుచు, అమ్మకములలో వాటా గోరక చేసిన పనికి కూలి మాత్రము పుచ్చుకొనిన విలక్షణుడు. 1993 ఫిబ్రవరిలో మినెసోటాలోని పాకిడెర్మ్ స్టూడియోలో నిర్వాణా బృందపు ‘ఇన్ యుటెరో’ను ముద్రించుచు డేవ్ గ్రోల్ డ్రమ్ముల చుట్టును దాదాపు ముప్పది మైకులను నిలిపెను; రెండు పాటలకు డ్రమ్ములను వంటగదిలో బెట్టించెను. దూరపు మైకులను నేలకు ఆనించి యుంచి, వాని ధ్వనిని కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యము చేసి కలుపుట ఆయనకు ప్రియమైన ఉపాయము. దీనివలన దెబ్బ చెదరదు, గది మాత్రము కొంత విశాలమైనట్లు తోచును. 1997లో ఆయన షికాగోలో నెలకొల్పిన ఎలక్ట్రికల్ ఆడియో స్టూడియో గోడలకు పచ్చిమట్టి ఇటుకలు వాడించెను. నూరోసిస్ బృందపు ‘టైమ్స్ ఆఫ్ గ్రేస్’, హై ఆన్ ఫైర్ బృందపు ‘బ్లెస్డ్ బ్లాక్ వింగ్స్’ ఆయన ముద్రించినవే. మెటల్ డ్రమ్ముకు ట్రిగ్గరు అనివార్యమనువారు ఈ రెంటిని విని పిదప వాదమునకు దిగుట మేలు. 2024 మే నెలలో, 61 యేండ్ల వయసున ఆయన మరణించెను.

ఇంజనీరు చేయగలిగినది ఇంతవరకే. మిగిలినది మైకు తెరువక ముందే జరుగవలసిన పని. కచేరీకి ముందు మన మృదంగ విద్వాంసుడు ఎడమ మూతకు రవ్వముద్ద నద్ది, కుడి మూత చుట్టును రాతితో తట్టి తట్టి శ్రుతి గూర్చు ఓపికయే ఇచ్చటను గావలెను: పాత మూత విప్పి, చెక్క అంచు తుడిచి, క్రొత్త మూత వేసి, మరలను వ్రేళ్లతో బిగించి, అటుపై తాళపుచెవితో ఎదురెదురు మరలను అరచుట్టు చొప్పున త్రిప్పుచు, ఒక్కొక్క మర చెంత పుల్లతో మెల్లగా తట్టి అన్నిచోట్ల ఒకే స్వరము పలుకువరకు విడువరాదు. తరువాతిది వాదకుని చేయి. దూరపు మైకుకు దాక్షిణ్యము లేదు. సింబళ్లను బాదుచు డ్రమ్ములను తడిమెడివాడు దాని యెదుట కూర్చుండెనేని, కంచు మ్రోత తప్ప మరేమియు మిగులదు. పెక్కు ముద్రణలలో ట్రిగ్గరు కప్పిపుచ్చునది గది లోపము గాదు, ఈ చేతి లోపమే. బోనమ్ డ్రమ్ములను గట్టిగాను, సింబళ్లను పొదుపుగాను వాయించెను గనుకనే రెండే రెండు మైకులకు సర్వమును సమపాళ్లలో అందినది.

మన యూళ్లలో డ్రమ్ముల యెదుట కూర్చుండు యువకులకు ఒక్క మనవి. శాంపిలును దెబ్బక్రింద ఊతగా నుంచుట పాపము గాదు. దెబ్బనే తీసివేసి దానిని నిలుపునప్పుడు మాత్రము ఆ సంగతి ఆల్బమ్ అట్టపై వ్రాయుడు. అంతకు ముందు, ఈ మారు ముద్రణకు కూర్చుండినప్పుడు, గదికి ఎదురు మూలను ఒక్క మైకు నిలిపి, తక్కినవన్నియు మూసి, ఆ యొక్కదానినే పాట పొడవున వినుడు. అందు స్నేరు వినబడకున్నచో సింబళ్లపై చేయి తగ్గించి మరల వాయింపుడు; అప్పటికిని చాలకున్నచో శాంపిళ్ల పెట్టె ఎచ్చటికిని బోదు.