జలుబును ఆపిన తెల్లపొర

భోజనం డబ్బాలు తలుపు బయట పెట్టి వెళ్లిపోయారు. లోపలివాళ్లు తెచ్చుకుని తినాలి. కాలు కదపాలనిపిస్తే పొలాల వెంట తిరగొచ్చు గానీ ఎవరెదురైనా 30 అడుగుల దూరం తప్పదు. పొద్దున్నే మాస్కు కట్టుకుని డాక్టరొచ్చి జ్వరం చూస్తాడు. ముక్కు చీదిన కాగితపు రుమాళ్లు పారేయడానికి లేదు. వాటిని లెక్కపెట్టి తూకం వేస్తారు!

ఇంగ్లండ్‌లో సాలిస్‌బరీ పక్కనున్న కామన్ కోల్డ్ యూనిట్ అది. యుద్ధకాలపు ఆసుపత్రి షెడ్లలో 1946లో మొదలైంది. కోరి జలుబు తెచ్చుకోవడానికి మామూలు జనం అక్కడికి వచ్చేవారు. 1970ల మొదట్లో అలా వచ్చిన 32 మంది ముక్కుల్లోకి జలుబు వైరస్ వదిలారు. దానికి ముందురోజు నుంచే సగం మందికి ఒక మందు స్ప్రే చేశారు, మిగతా సగానికి ఉత్తుత్తి ద్రవం. ఎవరికేది పడిందో వాళ్లకు తెలియదు.

ఆ మందు ఇంటర్‌ఫెరాన్. లండన్‌లో అలిక్ ఐజాక్స్, జాన్ లిండెన్‌మాన్ 1957లో లోకానికి చెప్పిన పదార్థం. అది వైరస్‌ను నేరుగా చంపదు. దొంగ పడ్డ ఇంటివాళ్లు కేకేస్తే వీధంతా గడియలు బిగించుకున్నట్టు, వైరస్ సోకిన కణం ఇంటర్‌ఫెరాన్‌ను బయటికి వదిలి పక్క కణాలను సిద్ధం చేస్తుంది. అందుకే వైరస్ కంటే ముందే అది ముక్కులో ఉండాలి. 1960లలో కోతి మూత్రపిండ కణాల నుంచి తీసిన ఇంటర్‌ఫెరాన్‌ను జలుబు మీద ప్రయోగిస్తే పని చేయలేదు. ఐజాక్స్ 1967లో, 45 ఏళ్లకే కన్నుమూశారు. తన మందు జలుబును ఆపడం ఆయన చూడలేదు.

దారి చూపింది హెల్సింకీలో కారి కాంటెల్. దాతల రక్తాన్ని వేగంగా తిప్పితే ఎర్రకణాలకూ పసుపు ప్లాస్మాకూ మధ్య పల్చటి తెల్లపొర తేలుతుంది. ఫిన్లాండ్ రెడ్‌క్రాస్ నుంచి ఆయన ఆ పొరనే తెచ్చుకున్నారు. అందులోని తెల్లకణాలకు సెండాయ్ వైరస్ తగిలిస్తే అవి ఇంటర్‌ఫెరాన్ వదిలేవి. వేల లీటర్ల రక్తం పోగేస్తే చేతికొచ్చేది మిల్లీగ్రాముల్లోనే. అంత అపురూపమైన సరుకు సాలిస్‌బరీ చేరింది.

ఈసారి ఫలించింది. మందు పడ్డవాళ్లలో జలుబు స్పష్టంగా తగ్గిందని థామస్ మెరిగన్, డేవిడ్ టిరెల్ బృందం 1973లో లాన్సెట్ పత్రికలో ప్రకటించింది. నా మటుకు ఇది వైద్యచరిత్రలో గొప్ప విజయం. పేరూ ఊరూ తెలియని రక్తదాతలకూ, జలుబుకు ముక్కు ఒప్పజెప్పిన వాలంటీర్లకూ అందులో సగం వాటా ఉంది.

1980లో ఇంటర్‌ఫెరాన్ జన్యువును బాక్టీరియాలో పెట్టడంతో రక్తం కొరత తీరింది. ఇంట్లో ఒకరికి జలుబు రాగానే మిగతావాళ్లు వారం రోజులు స్ప్రే వాడితే జబ్బులు దాదాపు 40 శాతం తగ్గాయని 1986లో అమెరికా, ఆస్ట్రేలియా పరిశోధనలు చెప్పాయి. కానీ వారాల తరబడి వాడితే ముక్కు మంట, దిబ్బడ, చీమిడిలో నెత్తుటి చారలు. జలుబు మందే జలుబును తలపించింది! స్ప్రే అక్కడే ఆగింది. 1990లో యూనిట్ కూడా మూతపడింది.

పీల్చే మందుతో వైరస్‌ను ఆపొచ్చన్న ఆశ కరోనా వచ్చాక మళ్లీ చిగురించింది. ఉత్తర కరొలైనాలో కె చెంగ్ బృందం ఊపిరితిత్తి కణాల పొరలతో చేసిన సూక్ష్మరేణువులను కోతులపై పరీక్షించి 2021లో ఫలితాలు వెల్లడించింది. కరోనా వైరస్ అసలు కణమనుకుని ఆ రేణువులకు అతుక్కుంటుంది. కోతుల్లో ఫలితం బాగుంది. అయితే రోజూ పీల్చడాన్ని మనిషి ముక్కు, ఊపిరితిత్తులు ఓర్చుకుంటాయని తేలాలి. అది తేలకుండా, కణాల నుంచి తీసిన మందు, పీల్చితే వైరస్ రాదు అంటూ ఎవరైనా సీసా చేతికిస్తే దయచేసి కొనకండి.