పింగాణీ పాప మెడ వెనుక

చరిత్ర అనగానే మనకు శాసనాలు, కైఫీయతులు గుర్తొస్తాయి. నాకు దొరికిన ఆధారం మాత్రం అరచేతిలో ఇమిడే ఒక పింగాణీ తల. హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో తుప్పుపట్టిన తాళాల కుప్ప పక్కన కనిపించింది. మొండెం లేదు. ఒక కన్ను లోపలికి పడిపోయింది. మెడ వెనుక తడిమితే అచ్చుగుద్దిన అక్షరాలు వేలికి తగిలాయి: ఏ.ఎమ్., జర్మనీ, 341.

రాయికోడ్ తిరిగొచ్చాక ఆ మూడు ముక్కల వెంట పడ్డాను. ఏ.ఎమ్. అంటే ఆర్మాండ్ మార్సెయ్. జర్మనీలోని తురింగియా ప్రాంతంలో, సోనెబర్గ్ పక్కనున్న కోపెల్స్‌డార్ఫ్‌లో 1885లో పింగాణీ కార్ఖానా నడపడం మొదలుపెట్టినవాడు. 341 అన్నది అచ్చు నంబరు. 1920ల మధ్యలో 'డ్రీమ్ బేబీ' పేరుతో అమ్మిన పసిపాప అది. నోరు మూసుకుని ఉంటే 341, తెరిచి రెండు పళ్లు చూపిస్తుంటే 351. ఇక 'జర్మనీ' అన్నది దేశాభిమానంతో రాసుకున్నది కాదు. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండితీరాలని అమెరికా 1890లో చేసిన సుంకాల చట్టం వల్ల ఆ మాట బొమ్మల మెడలకెక్కింది.

ఈ రకం పింగాణీని బిస్క్ అంటారు. జారుగా కలిపిన మట్టిని అచ్చులో పోసి, ఆరబెట్టి కాలుస్తారు. పైన మెరుగు పూయరు. రంగులు దిద్ది మళ్లీ కాలుస్తారు. మెరుపు లేకపోవడమే దాని అందం. చెంప నిజంగా పసిబిడ్డ చెంపలాగే కనిపిస్తుంది. 1909లో కామర్ అండ్ రైన్‌హార్ట్ సంస్థ, అప్పటిదాకా చెల్లుబాటైన అందాల ముద్దుగుమ్మలను పక్కనపెట్టి, నిజమైన శిశువు ముఖంతో 100వ నంబరు బొమ్మను తెచ్చింది. ఆ తర్వాత గ్రేస్ స్టోరీ పట్నమ్ అనే అమెరికన్ శిల్పి, పుట్టి మూడు రోజులైన బిడ్డను చూసి 'బై-లో' పాపను మలిచింది. దాని తలలు కూడా జర్మనీలోనే తయారయ్యాయి. మార్సెయ్ పాప ఆ బొమ్మకు పోటీగా వచ్చిందే. వాస్తవికత గురించి వాదులాడుకునే మనం ఆగి చూడవలసిన చోటు ఇది. కళ్లకింది ముడతదాకా నిజమే. చేసినవాళ్ల జాడ మాత్రం లేదు.

సేకరణ అంటే మనకు మూడవ సాలార్‌జంగే గుర్తొస్తాడు. ఆయన మ్యూజియంలో ఆటబొమ్మలకూ ఒక విభాగం ఉంది. ఈ బిస్క్ పాపలను సేకరించేవాళ్లు కూడా తక్కువవాళ్లేం కాదు. వెంట్రుకవాసి పగులునైనా దీపం పెట్టి పట్టుకుంటారు. పగులుంటే ధర పడిపోతుంది. వాళ్లను వెక్కిరించను. వాళ్ల ఓపిక లేకపోతే ఈ నంబర్లకు కాలక్రమమే ఉండేది కాదు. కానీ ఆ తలను తరగతికి తీసుకెళ్లిన రోజు ఏడో తరగతి పిల్ల ఒకతె, “సార్, గీ కనుబొమ్మలు ఎవలు గీసిన్రు?” అని అడిగింది. కాటలాగుల్లో ఆ ప్రశ్నకు గడి లేదు. శ్రీశ్రీ తాజ్‌మహల్ గురించి అడిగింది ఇక్కడ మళ్లీ వల్లించను, అందరికీ నోటికొచ్చిందే. మన తాళపత్రాల లేఖరి నయం. చివర తన పేరు రాసుకుని, తప్పులుంటే మన్నించమని వేడుకున్నాడు.

సోనెబర్గ్ బొమ్మల పరిశ్రమలో చాలా భాగం కార్ఖానాల్లో కాదు, ఇళ్లలో నడిచింది. వ్యాపారి సరుకిచ్చేవాడు, కుటుంబమంతా కూర్చుని కాగితపు గుజ్జు అచ్చులకొత్తడం, మొండేలు కుట్టి పొట్టు నింపడం, జుట్టు అతకడం చేసేది. కూలి డజన్ల లెక్కన. గాజు కళ్లు దగ్గర్లోని లౌషాలో ఊదేవారు. ఇంటి పనిలో పిల్లలూ ఉండేవారు. జర్మనీ 1903లో బాలకార్మిక చట్టం చేసింది. పరాయి పిల్లలకైతే పన్నెండేళ్లు నిండాలంది. సొంత పిల్లలకైతే పదేళ్లు చాలంది.

ఈ వాక్యం చదివినప్పుడు నాకు తురింగియా కనిపించలేదు. మాది దుబ్బాక దిక్కు. అమ్మ బీడీలు చుట్టేది. బడి నుంచి రాగానే అక్క ఆకు కత్తిరించేది, నేను బీడీల మూతులు మలిచేవాణ్ని. సాయంత్రం లెక్క దగ్గర కొన్ని కట్టలు బాగాలేవని పక్కకు తీసేవాళ్లు. వాటికి కూలి లేదు, బీడీలూ తిరిగి ఇచ్చేవాళ్లు కాదు. 1986 నాటి మన బాలకార్మిక చట్టం బీడీల తయారీలో పిల్లలను పెట్టుకోకూడదంది. ఇంటివాళ్ల సాయంతో నడిచే పనికి మాత్రం ఆ నిషేధం వర్తించదని ఆ సెక్షన్‌లోనే మినహాయింపు ఇచ్చింది.

అమ్మ ప్రావిడెంటు ఫండు కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది. పింగాణీ తల పెట్టిన సొరుగులోనే దాచాను. దాని మీద కంపెనీ పేరుంది, నంబరుంది, అమ్మ పేరుంది. చుట్టింది మేం ముగ్గురం.