ఊగే బ్రిడ్జి, ఊగని బ్రిడ్జి

హెవీ మెటల్‌కు ట్రెమోలో గిటార్ మంచిదా, కదలని బ్రిడ్జి మంచిదా అన్న వాదన ఎప్పుడూ నాదం దగ్గరే మొదలవుతుంది. చరిత్ర చూస్తే అసలు తగువు శ్రుతిది. 1954లో లియో ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌కు మీట పెట్టి ట్రెమోలో అన్నాడు. అది ఊపేది స్వరస్థాయిని, ధ్వని తీవ్రతను కాదు; అంటే పేరే తప్పు. గాలిలో తేలేలా అమర్చిన ట్రెమోలో, తీగల లాగుడుకీ వెనక స్ప్రింగుల లాగుడుకీ మధ్య తక్కెడలా నిలుస్తుంది. ఒక్క తీగ వదులు చేస్తే స్ప్రింగులది పైచేయి అవుతుంది, మిగతా ఐదూ శ్రుతి పెరిగి కూర్చుంటాయి. బర్మింగ్‌హామ్ రేకుల కార్ఖానాలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్న గిటారిస్టు టోనీ అయోమీది ఎడమచేతి వాటం, తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేత్తోనే. ఆ వేళ్లకు తేలికవ్వాలని 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ ఆల్బమ్‌లో కొన్ని పాటలకు ఆయన తీగలను మూడు అర్ధస్వరాలు దించాడు. బరువైన సంగీతం అలా కింది శ్రుతి బాట పట్టాక, ఊగని బ్రిడ్జికే మొగ్గు వచ్చింది.

1970ల చివర్లో ఫ్లాయిడ్ రోజ్ తీగలను రెండు కొసలా బిగించే పద్ధతి తెచ్చాడు కదా, దానితో మెటల్ గిటారిస్టు డైమ్‌బ్యాగ్ డారెల్ అంత మొరటు రిఫ్‌లు వాయించలేదా అనొచ్చు. నిజమే. కానీ ఆ బిగింపు ఉన్న శ్రుతిని కాపాడుతుందే తప్ప మార్చనివ్వదు. మార్చాలంటే మరలు విప్పి, ఆరు తీగలూ పదేపదే సరిచూడాలి. మెటాలికాలో హెట్‌ఫీల్డ్ రిఫ్‌లకు కదలని బ్రిడ్జి ఉన్న ఎక్స్‌ప్లోరర్ గిటార్ పట్టడం, సోలోల హామెట్ ఫ్లాయిడ్ రోజ్ వాడటం ఊరికే జరిగిన పని కాదు.